గడిలో పట్టని సంతకం

ఇరవై ఎనిమిదేళ్లు కువైట్‌లో ఒక టైపింగ్ ఆఫీసులో పనిచేశాను. ఆ కాలంలో నేను పెట్టిన దొంగ సంతకాలు ఎన్నో నాకే గుర్తు లేదు. ఉలిక్కిపడకండి, అవి బ్యాంకులను ముంచే సంతకాలు కావు. మూడు పేజీల్లో సంతకం చేసి నాలుగో పేజీ మరిచిపోయి వెళ్లిన డ్రైవర్లవి, మళ్లీ రమ్మంటే ఒక రోజు పని పోయే మేస్త్రీలవి. "అక్కా, నువ్వే గీకేయి" అని వాళ్లే ఫోన్లో చెప్పేవాళ్లు. నేను గీకేసేదాన్ని. వాటిలో ఒక్కదానికే నాకు శిక్ష పడింది. ఇప్పుడు ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా కుర్చీ ఎక్కుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది రాయచోటి. పెళ్లికి ముందే టైపు హయ్యరు పాసయ్యాను. మా ఆయన కువైట్‌లో కంపెనీ బస్సు నడిపేవారు. ఆయన వెనకే వెళ్లి మహబూలాలో మూడు కుటుంబాలున్న ఫ్లాటులో ఒక గదిలో కాపురం పెట్టాను. ఆరు నెలలు గోడలు చూసి విసుగెత్తి, ఉద్యోగం వెతుక్కున్నాను. ఆఫీసు షర్క్‌లో, చేపల మార్కెట్టుకు దగ్గర. ఇఖామా అనే నివాస అనుమతి రెన్యువల్, వీసా మార్పు, సివిల్ ఐడీ అడ్రసు మార్పు, అరబ్బీ అనువాదాలు, ఏది కావాలన్నా చేసిపెట్టేవాళ్లం. మా కాగితాలకు చేపల వాసన ఉండేదని మా ఆయన అనేవారు. నాకెప్పుడూ తెలియలేదు.

నా ఎదుటి బల్ల దగ్గర ఈజిప్టు నుంచి వచ్చిన ముసలాయన అరబ్బీ అనువాదాలు చేసేవాడు. కళ్లద్దాలు దారంతో మెడకు కట్టుకుని, ప్రతి కాగితాన్ని రెండుసార్లు చదివేవాడు. నేను పది ఫారాలు నింపేలోపు ఆయన ఒక ఉత్తరం ముగించేవాడు. ఎవరైనా "నువ్వే సంతకం పెట్టెయ్యి" అంటే, వినబడనట్టు టీ తాగేవాడు. నేను ఆయన్ని ఏడిపించేదాన్ని. ఆయన కోపగించుకోకుండా ఒకే మాట అనేవాడు: "నీ చెయ్యి చాలా వేగం. నీ జబ్బు అదే." నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మా పనుల్లో నాకు నవ్వు తెప్పించేది పాన్ కార్డు పని. కువైట్‌లో జీతం మీద పన్ను లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జన్మలో ఆదాయపు పన్ను కట్టినవాళ్లు కారు. కట్టేంత ఆదాయం వస్తే ముందు వీధంతా మిఠాయి పంచేవాళ్లు. అయినా పన్ను కట్టేవాళ్లకిచ్చే నంబరు కోసం మా గుమ్మం ఎక్కేవాళ్లు. ఊళ్లో స్థలం కొనాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా ఆ నంబరే అడుగుతారు మరి. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆధార్ ఉంటే పని తేలిక. ఆధార్ రాకముందే విమానం ఎక్కేసినవాళ్లకు మాత్రం పాస్‌పోర్ట్ నకలు, కువైట్ సివిల్ ఐడీ నకలు జతచేసి, కాగితం ఫారం నింపి ఇండియాకు కొరియర్ చేయాలి.

ఆ ఫారంలో రెండు ఫోటోలు అంటించాలి. ఎడమ ఫోటో మీద సగం, కాగితం మీద సగం పడేలా ఒక సంతకం. కుడి ఫోటో కింద ఒక గడి, అందులో ఇంకో సంతకం. రెండు వేళ్లు పక్కపక్కన ఆనిస్తే నిండిపోయేంత గడి అది. సంతకం దాని గీత దాటకూడదు. గడిలో ఏముంటే దాన్నే తీసి కార్డు మీద అచ్చు వేస్తారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయింది అదే.

శుక్రవారం మాకు సెలవు. కానీ ఇళ్లలో, తోటల్లో పనిచేసేవాళ్లకు వీలు దొరికేది ఆ రోజే కాబట్టి, జుమ్మా నమాజు అయ్యాక షట్టరు సగం ఎత్తి ఒకరిద్దరం కూర్చునేవాళ్లం. అలాంటి ఒక శుక్రవారం, చలికాలంలో, నలభై ఐదేళ్ల మనిషి ఒకావిడ వంగి లోపలికి వచ్చింది. చెప్పులకు ఎర్రమట్టి, చేతిలో కీరకాయల సంచి. సంచి నా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చోకుండా నిలబడే అడిగింది.

"అక్కా, నాకు పాన్ కార్డు కావల్ల. ఆధార్ లేదు. ఐతాదా?"

మాట వినగానే మనవైపు మనిషని తెలిసిపోయింది. గాలివీడు దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో ఉంది, అందులో ఆఖరి తొమ్మిదేళ్లు వఫ్రాలో ఒక తోటలో. తోట యజమాని తల్లి అక్కడే ఇల్లు కట్టుకుని ఉంటుంది. ఆ ముసలావిడకు వండిపెట్టడం, నడిపించడం, తీరిక దొరికితే టమాటా షెడ్లలో చెయ్యి వేయడం ఈమె పని. నెలకొక శుక్రవారం ముసలావిడ కూతుళ్లొచ్చి తల్లిని చూసుకుంటారు కాబట్టి, ఆ రోజు తోట పికప్ బండిలో ఎక్కి ఊళ్లోకి వస్తుంది.

"లీవులో పోయినప్పుడు ఆధార్ తీసుకోలేదా?" అని అడిగాను.

"మూడుతూర్లు పోతినక్కా. మిషన్ నా యేళ్లను గుర్తుపట్టలా. గీతలన్నీ అరిగిపోయినాయంట. మల్లా రమ్మనిరి. మల్లా పోయేలోపల లీవు అయిపోయె."

చెయ్యి చాపి చూపించింది. గిన్నెలు తోమి, బాత్రూములు కడిగి, మట్టిలో పనిచేసి ఆ వేళ్లు నదిలో రాళ్లలా నున్నగా ఉన్నాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాను.

ఆమెకు కావలసింది ఒక్కటే. రాయచోటి రోడ్డు మీద రెండు గదుల చిన్న ఇల్లు బేరమాడుకుంది. ముందు గదిలో దోసెల అంగడి, వెనక గదిలో తాను. ఎండాకాలంలో లీవులో వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆధార్ లేకపోతే పాస్‌పోర్ట్ చూపించవచ్చు గానీ పాన్ మాత్రం ఉండి తీరాలని దస్తావేజులు రాసే ఆయన చెప్పాడట.

"లేకుంటే?" అన్నాను.

"లేకుంటే మా తమ్ముడు ఆని పేరున రాయించుకుంటానంటాండాడు. ఎవురి పేరుంటే ఏముందిలేక్కా, నీ మంచికే కదా అంటాడు." కీరకాయల సంచి సర్దింది. "ముందు ఇల్లు గూడా ఆని పేరునే ఉండాది. నేను కట్టిచ్చిందే. పోయినతూరి లీవులో పోతే మా మరదలు నా పెట్టె వరండాలో పెట్టిచ్చె. పొద్దన్నే కాఫీ ఇచ్చి, ఎన్నాళ్లుంటావొదినా అని అడిగె."

"మీ తమ్ముడేమన్నాడు?"

"ఏమంటాడు. వాడు మంచోడే."

ఇక సంతకం సంగతి వచ్చింది. ఆమెకు చదువు రాదు. పాస్‌పోర్ట్ మీద వేలిముద్రే ఉంది. పాన్ ఫారం మీద వేలిముద్ర వేస్తే దాని పక్కన అధికారి సంతకం, సీలు పడాలి. కువైట్‌లో అంటే ఎంబసీకి పోవాలి. ఎంబసీ శుక్రవారం తెరవరు, ఈమెకు శుక్రవారం తప్ప వీలు లేదు. పైగా ఆ వేళ్లతో ముద్ర వేస్తే కాగితం మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ పడదు.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనల మీద మా ఆయనకు ఎప్పుడూ భయమే. "నీ పేరు మూడక్షరాలు. మళ్లీ నెల వచ్చేలోపల నేర్చుకో. సంతకం నువ్వే చేస్తువు" అన్నాను. చెడిపోయిన ఫారం వెనక పెద్దగా ఆమె పేరు రాసిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. బయట పికప్ డ్రైవరు హారన్ కొట్టాడు. అతను కూడా రాయచోటివాడే, నన్ను ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తాడు. నేను తెలుసు కాబట్టి షట్టరు కింద నుంచి తల దూర్చి, "ఆపా, దీనికి చదువు చెప్తే రేపు నా లైసెన్స్ అడుగుతాది, జాగ్రత్త" అన్నాడు.

నెల తిరిగి ఆమె వచ్చింది. ఈసారి కూర్చుంది. "వచ్చేసినాదక్కా" అని నవ్వింది. రోజూ సాయంత్రం టమాటా మళ్ల మధ్య తడినేల మీద పుల్లతో రాసిందట. తోటలో పనివాళ్లందరికీ చూపించిందట. నేను పొంగిపోయాను. ఫోటోలు అంటించి, ఫారం ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చాను.

ఆమె పెన్నును పుల్ల పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుంది. మొదటి అక్షరం రాసింది. గడి నిండిపోయింది. రెండోది పక్కనున్న గీతలు దాటింది. మూడోది వెళ్లి ఫోటోలో ఆమె ముక్కు మీద కూర్చుంది. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి, ఒక్క వంక పెట్టడానికి లేదు. నేల మీద జానెడు జానెడు అక్షరాలు నేర్చుకున్న చెయ్యికి రెండు వేళ్ల గడి ఎక్కడ ఆనుతుంది. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాలి. నేర్పింది నేనే, ఫారం తెలిసింది నాకే.

ఇంకో ఫారం ఇచ్చాను. చిన్నగా రాయాలని చెయ్యి బిగించేసరికి గీతలు వణికి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడో ఫారంలో రెండు అక్షరాలు గడిలోనే ఉన్నాయి, మూడోది గడి బయటికి నడిచి పోయింది. ఆమె తెచ్చిన ఫోటోల్లో ఇక రెండే నా బల్ల మీద మిగిలాయి. బయట హారన్ మోగడం మొదలైంది. డ్రైవరు పొద్దు గూకి మగ్రిబ్ నమాజు పడేలోపల తోటలో ఉండాలి.

"ఇంగోటి ఇయ్యక్కా. ఈతూరి వస్తాది" అంది. పెన్ను వదల్లేదు.

నేను గడియారం చూశాను. ఆమె తర్వాత ఇంకా ఐదుగురు ఉన్నారు. "సరిపోయింది, పో. ఇదే పంపిస్తా" అన్నాను.

"గీత దాటింది కదా?"

"కొంచెం తాకింది. ఏం కాదులే."

"నేను రాసిందే పోతాది కదక్కా?"

"నువ్వు రాసిందే పోతాది."

ఆమె ఆ కాగితాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. షట్టరు కింద నుంచి ఆమె చెప్పులు కనబడకుండా పోయేదాకా ఆగి, నేను నాలుగో ఫారం తీశాను. ఆమె మిగిల్చిన రెండు ఫోటోలు అంటించాను. ఎడమ ఫోటో మీదా, గడిలోనూ ఆమె పేరు ముద్దుగా, పొందికగా రాశాను. మూడు సెకన్లు పట్టిందేమో. తల ఎత్తేసరికి ముసలాయన కళ్లద్దాల పైనుంచి నన్నే చూస్తున్నాడు.

"ఐబ్" అన్నాడు. సిగ్గుచేటు అని దాని అర్థం. మళ్లీ తల దించి తన ఉత్తరం చదువుకోసాగాడు. ఈయనకు పనిలేదని నేను లోపల తిట్టుకున్నాను.

ఆరు వారాలకు కార్డు కొరియర్‌లో ఆఫీసుకే వచ్చింది. ఆమె లీవుకు ఇంకా మూడు వారాలు ఉంది. ఫోన్ చేసి చెప్పాను. ఆ శుక్రవారం ఆమె స్టీలు డబ్బా నిండా ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసుకుని వచ్చింది. ఆఫీసులో అందరికీ పంచింది. ముసలాయనకు రెండు పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కార్డు అందుకుంది.

చాలాసేపు చూసింది. నవ్వు వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను.

"ఇది నా రాత కాదక్కా."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, గడిలో ఉన్నదే కార్డు మీద అచ్చవుతుందని. వేలాది కార్డులు చూసినదాన్ని. అయినా నోరు దానంతట అదే తెరుచుకుంది. "చిన్నది చేసి అచ్చేస్తారు. అందుకే అట్ల కనబడతాంది" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు చేశాను.

ఆమె వాదించలేదు. కార్డు బల్ల మీద పెట్టి, మూడో అక్షరం మీద వేలు ఆనించింది. "నాదానికి ఈడ తోక ఉంటాది. పుల్ల పైకి ఎత్తేటప్పుడు అట్లనే పడతాది. దీనికి లేదు. ఇది నీ రాత. నువ్వు రాసిచ్చిన కాగితంలో ఇట్లనే ఉండాది. నెలదినాలు చూసినా కదా దాన్ని."

చదువు రాని మనిషిని మోసం చేయడం తేలికని నేను అనుకున్నాను. ఆమెకు వచ్చిన అక్షరాలు మూడే కాబట్టి, ఆ మూడింటినీ నాకంటే బాగా ఎరుగును.

"టైము లేదని చేసినా. నీ మంచికే చేసినా" అన్నాను.

"మా తమ్ముడు గూడా నా మంచికే అంటాడక్కా." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు గూడా వాని మాదిరే చేస్తివి."

 నాకు సిగ్గు తక్కువ, మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. కానీ ఆ రోజు ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. తప్పు ఒప్పుకోవడానికి బదులు ఇంకో ఉపాయం చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. "మూడు వారాలుంది. ఈ కార్డు మీద ఉన్నట్టే రాయడం నేర్చుకో. అక్కడ అదే చెల్లుతాది" అన్నాను.

"నా పేరు నేను నీ మాదిరి రాయల్లనా?" అంది. అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచింది. కార్డు నా బల్ల మీదే వదిలేసింది. స్టీలు డబ్బా కూడా మరిచిపోయి వెళ్లింది.

నా ఓళిగ ముట్టకుండా పక్కన పెట్టాను. ముసలాయన తన రెండూ తిని, డబ్బా కడిగి తెచ్చి నా ముందు పెట్టాడు. "దిద్దుకోవడానికి ఇంకో ఫారం ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుంది. కార్డులో సంతకం సరిగా లేదని టిక్కు పెట్టి పంపితే, అదే నంబరుతో కొత్త కార్డు ఇస్తారు. కాకపోతే దానికి ఎన్ని వారాలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

మరునాడు సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది. "మామాను, మా ముసలామెను అడిగినా. టికెట్టు నలభై దినాలు ఎనక్కి జరిపిచ్చె. ఇల్లు అమ్మేవాళ్లతో గూడా మాట్లాడినా. అన్నాళ్లు ఆగుతారంట. దాటితే ఒగ దినం గూడా ఆగరంట. వేరేవాళ్లు కాచుకోనుండారంట."

"మీ తమ్ముడు?"

"నాకిచ్చేయి, రేపే రిజిస్టర్ చేపిచ్చుకుంటా అంటాండాడు. వద్దంటి."

ఇల్లు పోయినా సరే, నా రాతతో మాత్రం ఆమె పోదని అర్థమైంది. "వచ్చే శుక్రవారం నేనే వఫ్రాకు వస్తా" అన్నాను.  "డబ్బా తీసుకోని రా" అంది. అంత కోపం లేదని అప్పుడు కొంచెం ఊపిరి తీసుకున్నాను.

వఫ్రాకు బస్సులు లేవనే అనాలి. మా ఆయన సెలవు పూట నిద్ర చెడగొట్టుకుని మా పాత కారు తీశారు. దారి పొడవునా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తోట చేరేసరికి మామా, అంటే ఆ ముసలావిడ, ఇంటి ముందు రేకుల నీడలో కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చేతిలో ఊతకర్ర.

వారమంతా నేను ఆలోచించింది ఒకటే. ఆమె చెయ్యిని చిన్నది చేయాలని చూసి కిందటిసారి తప్పు చేశాను. ఈసారి చేతిని వదిలేసి, పెద్ద గడితో మొదలుపెట్టి గడినే మెల్లగా చిన్నది చేయాలి. మామాను అడిగి ఆ ఊతకర్ర తీసుకున్నాను. ఇసుకలో మంచమంత గడి గీశాను. "ఇందులో రాయి" అన్నాను. ఆమె పుల్లతో పేరు రాసింది. గీత తగలలేదు. తర్వాత చాపంత గడి. తర్వాత పళ్లెమంత. పికప్ డ్రైవరు అటు వచ్చి చూసి, "ఏంది ఆపా, తోటను ప్లాట్లు ఏసి అమ్ముతాండారా?" అని అడిగాడు. మా ఆయన అతన్ని పక్కకు లాక్కెళ్లి టీ పోయించుకున్నారు.

"షినూ హాదా?" అని మామా అడిగింది. ఇదంతా ఏమిటని. గాలివీడు మనిషి తనకొచ్చిన అరబ్బీలో తనే చెప్పుకుంది, ఇల్లు, పేరు, సంతకం అని. ముసలావిడ తన బొటనవేలు ఎత్తి చూపించింది. తనకూ జీవితమంతా బస్మానే, వేలిముద్రే. ఇంత తోట ఉన్న మనిషి ఆ మాట అని, కుర్చీ ఇంకొంచెం ముందుకు జరిపించుకుని శ్రద్ధగా చూడసాగింది. ఎప్పుడైనా గీత తగిలితే మాకంటే ముందు నాలుక చప్పరించేది.

మధ్యాహ్నానికి ఇసుక వదిలి కాగితానికి వచ్చాం. ఆఫీసు నుంచి ఖాళీ గడులు అచ్చు వేసుకొచ్చాను, ఒక్కో కాగితంలో ఒక్కో కొలత. పుల్ల పోయి పెన్సిలు వచ్చింది, పెన్సిలు పోయి పెన్ను వచ్చింది. పిడికిలి విప్పి వేళ్లతో పట్టుకోవడం ఒక్కటే కష్టమైంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించబోతే, "నువ్వు పట్టుకోగాకక్కా" అంది. నిజమే. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంతసేపు చేతులు ఊరకే పెట్టుకున్నది అప్పుడే.

సాయంత్రం అసర్ నమాజు వేళకు అసలు ఫారం తీశాను. ఫోటో మీద సంతకం తేలికగానే పడింది, ఇక గడిలో రాసింది. మొదటి అక్షరం. రెండోది. మూడోది రాసి పెన్ను ఎత్తేటప్పుడు తోక పడింది. అది గడి గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. దాటలేదు.  ఆమె కాగితాన్ని ముందు మామాకు చూపించింది, తర్వాత నాకు.

"ఇదే పంపు. నేను మల్లా చూస్తా" అంది.

"ఇదే" అన్నాను. ఆమె నన్ను నమ్మాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించడం నాకు కనబడింది. అది నాకు రావలసిందే. ఫారాన్ని నా ఫోన్‌లో ఫోటో తీసి, అక్కడికక్కడే ఆమె ఫోన్‌కు పంపాను. సరిపోల్చుకోవడానికి.

ఆ తర్వాత వారాలు నేను కొరియర్‌వాడి కోసం చూసినట్టు మా ఆయన కోసం కూడా ఎప్పుడూ చూడలేదు. టికెట్టు జరిపిన నలభై రోజుల్లో ముప్పై ఐదు అయిపోయాయి. ముప్పై ఆరో రోజు కవరు వచ్చింది. నేను తెరవలేదు. ముసలాయన తెరవమన్నా తెరవలేదు. ఆమెకు ఫోన్ చేస్తే, రోజు కానిరోజు మామా డ్రైవరును ఇచ్చి పంపింది. ఆమే కవరు చింపింది. ఫోన్‌లోని ఫోటో పక్కన కార్డు పెట్టి చూసుకుంది. తోక ఉంది. అప్పుడు నవ్వింది. ముసలాయన కూడా కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసి, "మబ్రూక్" అని అభినందించాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఎవరి సంతకమూ గీకలేదు. "అక్కకు వయసైపోయింది, చాదస్తం వచ్చింది" అని డ్రైవర్లు తిట్టుకున్నారు. పనులు ఆలస్యమవుతున్నాయని మేనేజరు రెండుసార్లు పిలిచి అడిగాడు. వినబడనట్టు టీ తాగడం నేనూ నేర్చుకున్నాను.

పోయినేడు కువైట్ వదిలి రాయచోటికి వచ్చేశాం. ఆమె మాకంటే ముందే వచ్చేసింది. వారానికి రెండుసార్లు ఆమె అంగట్లో దోసె తినకపోతే నాకు తోచదు. నా చేత ఎప్పుడూ పైసా తీసుకోదు. మా ఆయన చేత మాత్రం తీసుకుంటుంది, ఆయన నాకంటే ఎక్కువ తింటారని. మొన్న గిరాకీ లేని వేళ ఆమె వెనక గదిలోకి వెళ్లి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన దస్తావేజు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చేతులు తుడుచుకుని తాకమంది.

ప్రతి పేజీ కింద ఆమె సంతకం. అక్కడ గడి లేదు, ఎవరూ హారన్ కొట్టలేదు. నేల మీద రాసినట్టే ఇష్టమొచ్చినంత పెద్దగా చేసింది, ప్రతిదానికీ తోకతో సహా. చివర బొటనవేలి ముద్ర కూడా వేయించుకున్నారు. అది ఎప్పటిలాగే నల్లటి మచ్చ.

"ముద్ర పడలేదు మల్లా వెయ్యమనిరి. సంతకం ఉండాది కదా అంటి" అంది.

ఆఖరి పేజీలో ఆమె సంతకం కింద సాక్షుల సంతకాలు. మొదటిది చదివితే ఇంటిపేరు ఆమె పుట్టింటిదే.

"మీ తమ్ముడా?"

"ఊ. నేనే పిలిపిచ్చినా. నా మంచికే కదా, వచ్చి చెయ్యిరా అంటి." ఆమె వంగి ఆ కాగితం వైపు చూసి, పెనం మీదికి పిండి గరిటె తీసుకుంది. "వానిది చూడక్కా, ఎంత చిన్నగా చేసినాడో. యా గడిలోనైనా పట్టేస్తాది."